వెనకనుంచి చదివిన దయ్యాల కథలు

ఇండియన్ ఇంకు సీసా మూత తీసినప్పుడల్లా ఆ ఘాటు వాసనతోపాటు, ఓబులేసు సార్‌ను నేను అనుమానించిన సంగతీ గుర్తొస్తుంది. ఆయన ప్రొద్దుటూరులో బంగారు అంగళ్లకు బోర్డులు రాసేవాడు. నాకు బొమ్మలు వేయడం నేర్పింది ఆయనే. పాత పుస్తకాల బండి మీద దొరికిన జపాన్ దయ్యాల కామిక్సు రెండు ఆయన దగ్గర ఉండేవి. ఆ భాష ఇద్దరికీ రాదు. తెలుగు పుస్తకంలాగే ఎడమనుంచి తిప్పేవాళ్లం. అలా చూస్తే మొదటి పేజీలోనే బావిలోంచి జుట్టు పైకొచ్చేది. చివరి పేజీలో ఆ ఇంటివాళ్లు తీరిగ్గా అన్నం తింటూ ఉండేవాళ్లు.

"దయ్యాన్ని గాదు పాపా, ఆ గోడను చూడు" అనేవాడు. నిజమే, గోడ నిండా సన్నటి గీతలు, ఒకదాని మీద ఒకటి. చూసేకొద్దీ ఆ గోడ మీదే అనుమానం పుట్టేది. మనిషి ముఖం మాత్రం తెల్లగా ఉండేది. "నలుపంతా చుట్టూ పెట్టి ముఖాన్ని ఖాళీగా ఇడుస్తాండారు. ఆ ఖాళీలో మన భయం మనమే పెట్టుకుంటాం" అని చెప్పాడొకసారి.

గండికోట జలాశయంలో మునిగిన మా ఊరి మీద పదహారు పేజీల కథ వేశాను. నీళ్లలో నిలబడ్డ ఆడమనిషికి మా అమ్మ ముఖమే పెట్టాను. భయాన్ని ముందే పెట్టమని సార్ చెప్పినట్టే అది మొదటి పేజీ. చివరిది, కొండాపురం దగ్గర మునిగిన ఊళ్లవాళ్లకు కట్టిన కాలనీలో ఆమె పొయ్యి వెలిగించడం. ఆ నెలలోనే ఫోన్లో ఏదో వెతుకుతుంటే తెలిసింది, జపాన్ కామిక్సు కుడినుంచి చదవాలని. అంటే భయం చివర్లో రావాలి. నాకు ఒళ్లు మండింది.

"మనం తిరగేసి చదువుతాండాం సార్. మీకు తెలుసా?"

కుంచె కడుగుతూ ఆయన తలెత్తలేదు. "తెలిసి శానా ఏండ్లయింది. మీ అమ్మ యాడుంది ఇప్పుడు? కాలనీలో వండుతాంది గదా. కథ ఆడికే రావల్ల."

నేను నమ్మలేదు. ఇన్నేళ్లు ఇది దాచినవాడు ఇంకేమేం దాచాడో అనుకున్నాను. నేను తనను మించిపోతానన్న భయంతోనే నా కథ చెడగొడుతున్నాడని తేల్చుకున్నాను. పేజీల వరస తిరగేసి, ఆయనకు చెప్పకుండా హైదరాబాదులో ఒక పత్రికకు పంపాను. అచ్చయింది. వణుకు పుట్టిందని చాలామంది మెచ్చుకున్నారు.

అమ్మకు చూపించాను. ఆమెకు చదువు రాదు. బొమ్మలు వరసగా చూసుకుంటూ పోయి చివరి పేజీ దగ్గర ఆగింది.

"అందరం బయటికొచ్చినాం గదా పాపా. నన్నొక్కదాన్ని నీళ్లల్లోనే ఇడిచిపెట్టినావే" అంది.

ఆ మాట సార్‌కు చెప్పే ముఖం నాకు లేకపోయింది. ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఏ కథ వేసినా, పంపేముందు పేజీలన్నీ మళ్లీ మొదటినుంచి తిప్పుతాను. లోపల ఎవరినైనా వదిలేసి వస్తున్నానేమోనని చూసుకుంటాను.