ముహూర్తాలు లేని నెలల్లో పెళ్లిగుర్రం

ఇది నా నోటితో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇరవై ఎనిమిదేళ్లప్పుడు, పొద్దున్నే నడకకని ఇంట్లో చెప్పి, నేను గుర్రపు స్వారీ నేర్చుకున్నాను. అదీ పెళ్లికొడుకులను ఊరేగించే గుర్రం మీద. డైరీలో కూడా దాన్ని ‘ఆమె’ అనే రాసుకున్నాను, అమ్మ ఎప్పుడైనా తెరిచి చూస్తే ఎవరో స్నేహితురాలు అనుకోవాలని.

హిందీ మాట్లాడే ఉక్కు పట్నం మాది. బర్మామైన్స్ పేటలో మా సందు దాటి రైలుపట్టాల వైపు వెళ్తే ఒక రేకుల షెడ్డు. అందులో ఆ తెల్ల ఆడగుర్రం ఉండేది. దాన్ని పెంచే తాతది శ్రీకాకుళం వైపు. ప్లాంటులో కాంట్రాక్టు పని మానేశాక పెళ్లిళ్లకు గుర్రాన్ని తిప్పేవాడు. ఒకరోజు నేను ఆగి చూస్తుంటే తెలుగులో పలకరించాడు. అలవాటుగా హిందీలో జవాబిచ్చాను. తెలుగు మాట్లాడటానికి నీకు గేట్‌పాసు కావాలా అని నవ్వాడు.

అక్కడి హిందీవాళ్ల పెళ్లిళ్లకు వానాకాలం నాలుగు నెలలూ ముహూర్తాలు ఉండవు. అన్నాళ్లు ఎవరూ ఎక్కకపోతే గుర్రం వీపు మీద మనిషిని మరిచిపోతుందట. కార్తీకంలో పెళ్లికొడుకుని కింద పడేస్తుందట. తాత మోకాళ్లు అరిగిపోయాయి.

“నువ్వెక్కమ్మా,” అన్నాడు. “పెళ్లికొడుకులు ఏటి సేత్తారు? బత్తాలాగ కూకుంటారు. నువ్వు నేర్సుకుందువు.”

మొదటి వారం ఎక్కనివ్వలేదు. మెడ మీద అరచెయ్యి ఆనించి నిలబడమన్నాడు, అంతే. దాని ఊపిరి నానిన శనగల వాసన వేసేది. నా చేతికింద చర్మం అదిరి అదిరి, నాలుగో రోజుకు ఊరుకుంది. శ్రావణం వచ్చేసరికి నా చెప్పుల చప్పుడుకే చెవులు ఇటు తిప్పేది. అప్పటిదాకా నా రాక కోసం అలా చెవులు తిప్పినవాళ్లు నాకు గుర్తులేరు.

కళ్లెం సంగతి దానికీ కొత్తే. జన్మంతా ఎవరో ఒకరు ముందు తాడు పట్టుకుని నడిపించారు. ఎడమకు లాగితే ఎటు పోవాలో దానికి తెలియదు, ఎంత లాగాలో నాకు తెలియదు. పదమూడేళ్ల గుర్రం, ఇరవై ఎనిమిదేళ్ల నేను, ఇద్దరం ఆలస్యంగానే మొదలుపెట్టాం. మైదానంలో తడిగడ్డి మీద గుండ్రంగా తిరిగిన ఆ పొద్దులు ఇప్పుడు తలుచుకుంటే కాళ్ల లోపలి కండరాలకు కూడా గుర్తొస్తాయి.

భయం ఒకటే, ఎవరైనా చూస్తారని. ఆడపిల్ల పెళ్లిగుర్రం ఎక్కిందంటే సందంతా చెప్పుకుని నవ్వుతారు. చున్నీ ముఖానికి చుట్టుకుని, తిరిగొచ్చేటప్పుడు సందు మొదట్లోనే దిగిపోయేదాన్ని.

విశ్వకర్మ పూజ మర్నాడు వాన వెలిసేదాకా ఆగడంతో ఆలస్యమైంది. తిరిగి వస్తుంటే నిమజ్జనం ఊరేగింపు ఎదురైంది. బ్యాండు వినగానే గుర్రం నడిరోడ్డు మీద ఆగి, నేర్పిన ప్రకారం ముందుకాళ్లు ఎత్తెత్తి ఆడటం మొదలుపెట్టింది. జనం ఈలలు వేశారు. పెళ్లికొడుకు ఏడని ఎవరో హిందీలో అడిగారు. చున్నీ జారిపోయింది. మేడ మీంచి పక్కింటి ఆంటీ నన్నే చూస్తోంది. తాత ఎక్కడో వెనక కుంటుకుంటూ వస్తున్నాడు.

దిగి పారిపోదామని రికాబులోంచి ఒక కాలు తీశాను. రెండో కాలికి దాని పొట్ట వణుకు తెలిసింది. కాళ్లు ఆడుతున్నాయి గాని చెవులు రెండూ నా వైపే ఉన్నాయి. పక్కనే లారీలు. కాలు మళ్లీ రికాబులో పెట్టి, మెడ మీదికి వంగి, బ్యాండును మించి వినపడేలా “చాలు, ఇంక చాలు,” అన్నాను. రోడ్డు మీద నేను గొంతెత్తడం అదే మొదటిసారి. కాళ్లు ఆగాయి. ఊరేగింపు పోయేదాకా అలాగే నిలబడ్డాం.

సాయంత్రానికి అమ్మకు తెలిసిపోయింది. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. నాకు వారం రోజులు జ్వరం. లేచి వెళ్లేసరికి షెడ్డు ఖాళీ. తాతను కూతురు బరంపురం తీసుకెళ్లిందని, గుర్రం మాంగో అనే పేటలో బ్యాండువాళ్ల దగ్గరుందని చెప్పారు.

ఊరేగింపు ఎదురైన ఆ రోజు తాత వచ్చి తాడు అందుకుని ముందు నడిచాడు. సందు మొదటికి రాగానే నేను రికాబులోంచి కాలు తీశాను. ఆయన వెనక్కి కూడా చూడకుండా అన్నాడు:

“దిగకమ్మా. మీ ఇంటికాడికి అలగే రా.”