అమ్మే బండికి కొత్త టైర్లు: దమ్మామ్ నుంచి హాయిల్ దాకా

హాయిల్ చూసి రావాలన్న కోరిక నాది. పద్దెనిమిదేళ్ళ క్రితం, పెళ్ళయిన కొత్తలో, అనంతపురం నుంచి వచ్చి నేను కాపురం పెట్టిన ఊరు అది. మా ఆయన అప్పట్లో అక్కడి గోధుమ పొలాల్లో నీటి పంపులు బాగుచేసేవాడు. మా అమ్మాయి అక్కడే పుట్టింది. తర్వాత దమ్మామ్‌కు మారిపోయాం. అమ్మాయి ఇప్పుడు బెంగళూరులో చదువుకుంటోంది. ఇంకో రెండేళ్ళు ఉంటారా, లేక ఫైనల్ ఎగ్జిట్ తీసుకుని ఇండియా వెళ్ళిపోతారా, ఆదివారంలోగా చెప్పమని మా ఆయన్ని కంపెనీవాళ్ళు అడిగారు. ఆయన మనసంతా ఊరి మీదే. నాకు మాత్రం వెళ్ళాలని లేదు. ఈ మధ్యే లైసెన్సు తీసుకున్నాను. మా బిల్డింగులో ఆడవాళ్ళకు ఆసుపత్రికైనా, కూరగాయల మార్కెట్టుకైనా నేనే సారథిని. ఊరికి పోతే మళ్ళీ ఎవరో ఒకరు తీసుకెళ్తే తప్ప గడప దాటని కోడలినే. ఈ మాట ఆయనకు ఇంకా చెప్పలేదు. వెయ్యి కిలోమీటర్ల దారి కదా, ఎక్కడో ఒకచోట చెప్పకపోతానా అనుకున్నాను.

శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. ఎనిమిదయ్యేసరికి రియాద్ వచ్చింది. ఊళ్ళోకి పోకుండా బయటి రోడ్డు పట్టుకుంటే గంట కలిసొస్తుంది. పెట్రోలు బంకు పక్కన ఒక కేరళ హోటల్లో పరోటా, చాయ్ అయ్యాక స్టీరింగు నేను తీసుకున్నాను. మొదటిసారి ఈ దారిలో నన్ను బస్సులో తీసుకొచ్చినప్పుడు, ఎటు చూసినా ఇసుక తప్ప పచ్చటి ఆకు కనబడక, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఈయన గాభరాపడి బస్సులో ఉన్నవాళ్ళందరి దగ్గరా నాకోసం బిస్కెట్లు అడుక్కొచ్చాడు. ఆ సంగతి గుర్తుచేస్తే పడీ పడీ నవ్వాడు. ఇంత బాగా నవ్వుతున్న మనిషితో ఇప్పుడే ఎందుకు గొడవ అని నా మాట మింగేశాను.

మజ్మా అనే ఊరు దాటాక బండి వణకడం మొదలైంది. పక్కకు ఆపి చూస్తే వెనక టైరు పక్క గోడ నిమ్మకాయంత ఉబ్బింది. నేను చున్నీతో దుమ్ము తుడిచి, టైరు మీది నాలుగంకెలు చదివాను. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అది పుట్టి ఏడేళ్ళు దాటింది! మిగతా మూడూ దాని అన్నదమ్ములే. ఈయన ఎప్పుడూ టైర్లు తష్లీహ్‌లో, అంటే పాత బండ్లు విప్పి అమ్మేచోట, ఏరుకొస్తాడు. వచ్చే ఏడాది వెళ్ళిపోయేవాళ్ళకు కొత్తవి ఎందుకంటాడు. మా ఇంట్లో ఫ్రిజ్జూ సోఫా కూడా ఈ వచ్చే ఏడాది పుణ్యమే.

"గీతలు బాగా లోతుగా ఉండాయి కదమ్మే," అన్నాడు మా ఆయన.

"గీతలుంటే సరిపాయనా? పక్కనంతా నెర్రెలిచ్చిండాది, కనబళ్ళేదా? నన్ను ఈడ్నే పూడ్చిపెట్టి పోతావేమో!" అని అగ్గి మీద గుగ్గిలమయ్యాను.

స్పేరు చక్రం వేసుకుని మెల్లగా బురైదా చేరాం. అది జుమా నమాజు వేళ, షాపులన్నీ మూసేసి ఉన్నాయి. ఒంటిగంట దాటాక ఒక బన్‌షర్ తెరిచారు. టైర్ల షాపును ఇక్కడ అలాగే అంటారు. అప్పటికీ మేము తిట్టుకుంటూనే ఉన్నాం. షాపతను నవ్వుతూ వచ్చాడు.

"ఏమక్కా, మీది యా ఊరు? నాది రాయచోటి. పేరు గౌస్." టైర్ల చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "తలనిండా ఎంటికలుండాయి గాని, మనిషి ముసలోడైపాయ," అన్నాడు. నాకు కోపంలోనూ నవ్వొచ్చింది.

తర్వాత అతను మా ఆయన వైపు తిరిగి, "బండి ఇంగ ఎన్నేండ్లు తిప్పుతారన్నా? దాన్నిబట్టి చూపిస్తా," అన్నాడు.

"రెండు నెల్లు. అమ్మేస్తాం. మంచివుంటే వాడినేటివే ఏయి."

"ఎండలో ఇంత దూరం పొయ్యేదానికి వాడినేటివి నేను ఏయనన్నా. ఏడాదీ రెండేండ్లకైతే ఈ చౌక రకం ఉండాది. ఐదేండ్లు తిప్పుతామంటే ఈ కొరియావి ఏసుకోండి. పోయిన నెలే వచ్చినాయి. వేడికి ఓర్చుకునే గుర్తు 'ఏ' అని ఉంది, చూడండి."

"ఐదేండ్లవే ఏయి. నాలుగూ," అన్నాను నేను.

"అమ్మే బండికా?" అన్నాడు మా ఆయన.

"ఎవరమ్ముతాండారు?"

ఆయన పర్సు తీసి పన్నెండు వందల రియాళ్ళు కట్టాడు. డోరు దగ్గర అంటించిన సైజు సరిచూసుకుని నాలుగూ బిగించి, బ్యాలెన్సింగ్ చేసేసరికి గంట పట్టింది. నా మనసు ఆయనకు అర్థమైపోయిందనుకుని సంబరపడ్డాను. అక్కణ్ణుంచి హాయిల్ మూడు గంటలు. బండి ఎంత మెత్తగా పోయిందో! నేను కూనిరాగాలు తీస్తూ నడిపాను. ఆయన మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

రాత్రికి నూట యాభై రియాళ్ళకు ఫర్నిష్డ్ అపార్ట్‌మెంటు దొరికింది. శనివారం పొద్దున మా పాత ఇంటికెళ్ళాం. మిద్దె మీద ఒంటి గది అలాగే ఉంది, గోడకు రంగు మాత్రం మారింది. కింద ఉండే ఇంటావిడ ఉమ్మ్ ఫహద్ నన్ను గుర్తుపట్టి, రెండు చెంపలూ ముద్దుపెట్టుకుని, గావా, అంటే అరబ్బీ కాఫీ, పోసి ఖర్జూరాలు పెట్టింది. నాకు నొప్పులొచ్చిన రోజు కొడుకును నిద్రలేపి బండి తీయించి, ఆసుపత్రిలో నా చెయ్యి వదలకుండా కూర్చున్న మనిషి. దమ్మామ్ నుంచి బండి ఎవరు నడిపారని అరబ్బీలో అడిగింది. రియాద్ దాటినప్పట్నుంచీ నేనేనంటే నమ్మలేదు. బయటికొచ్చి, నేను బండిని సందులో ఒక చుట్టు తిప్పి దిగడం చూసి, నా వీపు మీద ఒక్కటి చరిచి, "నువ్వేనా ఆ ఏడ్చే పిల్లవి?" అంది. నాకు కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు.

ఇంకోసారి పాత గది చూసి మిద్దె మెట్లు దిగుతుంటే మా ఆయన ఆగిపోయాడు.

"గురువారమే చెప్పేసినా కంపెనీలో. ఇంగ ఉండేది లేదు, పోతామని."

"ఎవుర్నడిగి చెప్పినావు?"

"నువ్వే కదా ఏటేటా ఇంగ చాలు, పోదాం పోదాం అంటావుంటివి! నీకోసరమే ఒప్పుకున్యా."

"అది అప్పుడు! నాకిప్పుడు పోవాలని లేదు."

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. "నాకు మాత్రం ఉందా? ఊర్లో నాకేం పనుందని? ఒక్క మాట చెప్పింటే ఏం పోయిండునే?"

"నువ్వడిగింటే కదా!"

పొద్దున్నే ఆఫీసుకెళ్ళి ఆ మాట వెనక్కి తీసుకోవాలని వెంటనే బండెక్కాం. తిరుగుదారిలో ఎప్పుడు చీకటి పడిందో తెలియలేదు. ఆదివారం ఆయన ఆఫీసుకు పరుగెత్తాడు గానీ, ఆ ఉద్యోగం అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారట. మొహం వేలాడేసుకుని వచ్చిన మనిషిని ఏమనగలను? చాయ్ పెట్టి ఇచ్చాను.

ఇప్పుడు అనంతపురంలో కూర్చుని ఇది రాస్తున్నాను. బండిని దమ్మామ్‌లో నర్సుగా చేస్తున్న వరంగల్ అమ్మాయికి అమ్మాం. కొత్తగా లైసెన్సు వచ్చిన పిల్ల. "అక్కా, అమ్మే బండికి కొత్త టైర్లెందుకేయించిండ్రు?" అని అడిగింది. తాళాలు ఆమె చేతిలో పెట్టి, టైరు మీది నాలుగంకెలు ఎలా చదవాలో చూపించాను. హాయిల్ దారి, ఆ ఎండ, మిద్దె మీది గది, అన్నీ ఇప్పుడు నాకు పుట్టిల్లులా గుర్తొస్తున్నాయి. పుట్టింటికైతే ఎప్పుడైనా పోవచ్చు.

హాయిల్ వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. గీతలు చూసి మోసపోకండి, టైరు వయసు చూడండి. కొనేటప్పుడు బండి ఎన్నేళ్ళు నడుపుతారని షాపువాళ్ళు అడుగుతారు. ఆ సంగతి ముందే ఇంట్లో మీ ఆయన్ని, మీ ఆవిణ్ణి అడిగి వెళ్ళండి. మేము షాపు దాటి హాయిల్ చేరాక తేల్చుకున్నాం. అప్పటికి రెండు రోజులు ఆలస్యమైంది.