పక్కవాళ్ళు బిగించాల్సిన పలక

ఆకుపచ్చ ఎనామిల్ రంగు డబ్బా మూత తీయగానే ఘాటైన వాసన ఇల్లంతా కమ్ముకుంది. సూరత్‌లో, అడాజన్‌లోని మా ఫ్లాట్ బాల్కనీలో పాత పేపర్లు పరిచి, గరుకు కాగితంతో రుద్దిన చెక్కపలకకు మొదటి పూత వేస్తున్నాను. మా ఆయన ముక్కు మూసుకుని, "ఇవి బయట ప్రింట్ చేయించుకోవచ్చు కదా సరితా" అన్నాడు, ప్రతి ఏడూ అన్నట్టే. చేయించుకోవచ్చు. కానీ ఈ వాసన తగిలితేనే సత్యవతి గారు నా వెనక నిలబడి, "అంచులు వదిలేశావేంటమ్మా, చెమ్మ ముందు పట్టేది అక్కడే" అని గదమాయిస్తున్నట్టు ఉంటుంది. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. ఆ గదమాయింపు కోసమే చేత్తో రంగు వేస్తున్నానని మా ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు.

సత్యవతి గారిది కాకినాడ. హజీరాలో నేను ఉద్యోగానికి చేరిన కర్మాగారంలో పర్యావరణ విభాగానికి ఆవిడే పెద్ద. ఖమ్మం నుంచి కొత్తగా వచ్చిన నాకు మొదటి ఏడాదంతా ఆవిడంటే హడలే. పొట్టి మనిషి, నూలు చీర, మగవాళ్ళ చేతి గడియారం. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటారేమో, నా ప్రాణానికి కాస్త తెరిపి దొరుకుతుందేమో అనుకున్నాను. ఆవిడ కూర్చోలేదు, నన్ను కూర్చోనివ్వలేదు. నీటినీ నేలనూ గాలినీ చక్కగా చూసుకునే దుకాణాలకూ, చిన్న పరిశ్రమలకూ, వీధి సంఘాలకూ ఏడాదికోసారి ఒక పచ్చ పలక ఇవ్వడానికి చిన్న కమిటీ పెట్టారు. నన్ను అడగకుండానే అందులో నా పేరు చేర్చారు. వేదిక, దండలు, శాలువాలు ఏమీ ఉండవు. ఉన్నది ఒక్కటే నియమం. పలకను గుమ్మానికి బిగించాల్సింది మేం కాదు, నాయకులూ కాదు. ఆ పని జరిగే చోటు పక్కనే కాపురముంటూ, దాని పొగో మురుగో చప్పుడో భరించే పొరుగువాళ్ళే స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి. వాళ్ళు కాదంటే పలక లేదు.

ఆ నియమం ఎంత గట్టిదో నాకు ఒక హోటల్ దగ్గర తెలిసింది. దాని పేరు సూచించింది నేనే. మేడ మీద సోలార్ ప్యానెళ్ళు, వంటింటి తుక్కుతో ఎరువు, ప్లాస్టిక్ సంచి అన్నది కనబడదు. పలక సంచిలో పెట్టుకుని ఇద్దరం వెళ్ళాం. వెనక సందులో ఉండే ఒకావిడ మాత్రం స్క్రూడ్రైవర్ ముట్టుకోనంది. కరెంటు పోయినప్పుడల్లా వాళ్ళ జనరేటర్ పొగ తన వంటింట్లోకే వస్తోందట. హోటల్ యజమాని నవ్వి, "ఒక్కావిడే కదా మేడం, వీధి వీధంతా మా గురించి మంచే చెబుతుంది" అన్నాడు. సత్యవతి గారు పలకను మళ్ళీ సంచిలో పెట్టేసుకున్నారు. "మీ పొగ వీధంతటికీ పోవడం లేదు బాబూ, ఆ ఒక్కావిడ ఇంట్లోకే పోతోంది" అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు నేను మూతి ముడుచుకునే స్కూటర్ నడిపాను. అంత చేసినవాణ్ణి చిన్నబుచ్చారని నా కోపం. ఆవిడ వెనక నుంచి, "దూరంగా ఉన్నవాళ్ళం ఎవరినైనా మెచ్చుకుంటామమ్మా, మన సొమ్మేం పోతుంది?" అన్నారు. ఆ హోటలాయన పొగగొట్టం మార్పించి, మరుసటి ఏడాది ఆ వెనకింటావిడ చేతే పలక బిగింపించుకున్నాడు.

తర్వాత మహమ్మారి వచ్చింది. మగ్గాలు ఆగిపోయాయి, పనివాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని ఊళ్ళకు వెళ్ళిపోయారు, ఎప్పుడూ కిటకిటలాడే రోడ్ల మీద కుక్కలు పడుకున్నాయి. మొదటి లాక్‌డౌన్ సడలించాక మా కమిటీ ఫోన్లోనే సమావేశమైంది. ఈ ఏడు పలకలు మానేద్దామని ఒకరన్నారు. బట్టలకు రంగులద్దే మిల్లు యజమాని ఒకరు ఖర్చంతా పెట్టుకుంటానంటున్నారు, కంప్యూటర్ తెర మీదే సభ పెట్టి, పేరిచ్చిన వాళ్ళందరికీ ఫొటోతో ప్రశంసాపత్రాలు పంపేద్దామని ఇంకొకరన్నారు. సత్యవతి గారు అందరినీ మాట్లాడనిచ్చారు. "జనం ఇళ్ళలోంచి బయటికి రాని రోజుల్లో కూడా చెత్త బయటికి వచ్చిందా, లేదా? దాన్ని ఎత్తినవాళ్ళెవరో వెతకండి. ఈ ఏటి పలక వాళ్ళది" అన్నారు. అలా మా ముందుకు ఊరి శివారు భేస్తాన్‌లోని నర్సవ్వ వాళ్ళ సంఘం వచ్చింది.

నర్సవ్వది సిరిసిల్ల వైపు. భర్త పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు. వాళ్ళ వీధిని ఆనుకుని ఒక ఖాడీ ఉంది. సూరత్‌లో వాగును అలాగే అంటారు. మగ్గాల షెడ్లలోంచి వచ్చే బట్ట పేలికలు, అక్కడివాళ్ళు చిందీ అనేవి, ఆ ఖాడీలో పడి తూము దగ్గర ఉండలు కట్టేవి. వానాకాలం వస్తే నీళ్ళు వెనక్కి తన్ని ఇళ్ళలోకి వచ్చేవి. నర్సవ్వ వీధిలోని ఆడవాళ్ళను కూడగట్టి ఆ చిందీని తీయించి, ఎండబెట్టి, పెద్ద ముక్కలతో బొంతలు కుట్టించి, చిన్నవి దిండ్లలోకి కూరించేది. లాక్‌డౌన్‌లో చుట్టుపక్కల ఇళ్ళ పొడిచెత్త కూడా వాళ్ళే ఏరారు. ఇదంతా మూతబడిన ఒక మగ్గాల షెడ్డులో జరిగేది.

ఆ షెడ్డుకే ముప్పు వచ్చింది. దాని పక్కన గోడకు గోడగా ఒక ఫ్లాట్ల సొసైటీ ఉంది. సొసైటీ సెక్రటరీ జయంతిభాయి, కతర్‌గామ్‌లో వజ్రాలు సానబట్టే చోట మేనేజరుగా చేసి మానేసిన మనిషి. ఆ చెత్తతో తమకు జబ్బు అంటుకుంటుందని ఆయన షెడ్డు యజమాని మీద రోజూ విరుచుకుపడేవాడు. యజమాని విసిగిపోయి నర్సవ్వకు గడువు పెట్టాడు. వచ్చే దీపావళిలోగా జయంతిభాయి తనంతట తాను సరేననాలి, లేదంటే ఖాళీ చేయాలి. షెడ్డు పోతే చిందీ మళ్ళీ ఖాడీలోకి, ఖాడీ మళ్ళీ ఇళ్ళలోకి. మా పలక బిగించాల్సిన పొరుగువాడు కూడా ఆ జయంతిభాయే.

ఆ చలికాలంలో ఒక ఉదయం చూసి వద్దామని వెళ్ళాం. షెడ్డు సున్నం వేసి మెరిసిపోతోంది. గుమ్మం ముందు ముగ్గు. కుర్చీలు ఎడంఎడంగా వేశారు. ఆడవాళ్ళంతా మాస్కులతో, పట్టుచీరలతో వరసగా నిలబడ్డారు. లోపల ఒక్క పేలిక ముక్క లేదు. సత్యవతి గారు చుట్టూ చూసి, "చెత్తేదమ్మా?" అన్నారు.

"మీరొస్తుండ్రని అంత సాఫ్ జేసినం మేడం. జర కూసోండ్రి, చాయ్ దెస్త" అంది నర్సవ్వ మురిసిపోతూ.

"నేను చెత్త చూడ్డానికొచ్చాను తల్లీ, మీ ముగ్గు చూడ్డానికి కాదు."

అంతలో గోడ అవతల కేకలు మొదలయ్యాయి. చుట్టాలొస్తున్నారంటే ఇంట్లో సామానంతా మంచం కిందికి తోసే అలవాటు మనందరికీ ఉన్నదే. వీళ్ళూ అదే చేశారు. గోతాలన్నీ తీసుకెళ్ళి షెడ్డు వెనక, సొసైటీ గోడ మీద, గోడ పక్కన సర్దేశారు. గాలికి మూతులు ఊడి, పేలికలన్నీ సొసైటీలో నిలిపిన స్కూటర్ల మీద పడ్డాయి. జయంతిభాయి రెండు చేతులా చిందీ పట్టుకుని వచ్చాడు. "నహీ చాలే, బెన్! ఇది కుదరదు, అక్కా. వీళ్ళకా మీరు బహుమానం ఇచ్చేది?" అని హిందీలోనూ గుజరాతీలోనూ కలిపి అరిచాడు. అంతా అయిపోయిందనుకున్నాను. నర్సవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సత్యవతి గారు వాళ్ళను వెనకేసుకు రాలేదు. కాకినాడ సాగదీతతో తన గుజరాతీలో, "మీ కోపం న్యాయమే భాయీ" అన్నారు. తర్వాత ఆడవాళ్ళ వైపు తిరిగి, గోతాలన్నీ లోపలికి తెచ్చి, రోజూ చేసే పని ఆయన ముందే చేయమన్నారు. పట్టుచీరలు ఎగదోపి వాళ్ళు పేలికలు ఏరుతుంటే, ఆవిడ కుర్చీ తెప్పించి జయంతిభాయిని గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు. ఆయన చాలాసేపు చూశాడు. కరిగిపోలేదు. "పని మంచిదే. కానీ తలుపు మా వైపు ఎందుకుండాలి? దుమ్మంతా మా పిల్లలు ఆడుకునే చోటికే వస్తోంది" అన్నాడు.

ఆయన వెళ్ళాక నర్సవ్వ భగ్గుమంది. "మేమేం తప్పు జేసినమని తలుపు మూసుకోవాలె? ఆళ్ల ఇండ్లల్ల చెత్త గూడ మేమే ఏరుతున్నం గద!"

"తప్పు చేయలేదమ్మా. మంచి పనే. కానీ మంచి పనిలోంచి లేచినా దుమ్ము దుమ్మే. పీల్చేది ఆయన."

నర్సవ్వ తలుపు వైపు తిరిగి, "తలుపు తిప్పితే పలక బిగిస్తడా మరి?" అంది.

"బిగిస్తాడని నేననను. తిప్పండి. తర్వాత అడుగుదాం."

ఆ మాట నాకు కటువుగా తోచింది. ఎంతో కొంత భరోసా ఇవ్వొచ్చు కదా అనిపించింది. వాళ్ళు మాత్రం తిప్పారు. పాత గుమ్మం ఇటుకలతో మూసి, ఖాడీ వైపు గోడ కొట్టి కొత్త తలుపు పెట్టుకున్నారు. జయంతిభాయి వచ్చి చూసి, "చూద్దాం" అని వెళ్ళిపోయాడు.

ఎండాకాలంలో జబ్బు మళ్ళీ విరుచుకుపడింది. ఈసారి సత్యవతి గారిని వదల్లేదు. ఆస్పత్రి నుంచి ఒకసారి ఫోన్ చేశారు. మధ్య మధ్య ఆయాసం. కుశలం అడగబోతే అడ్డుపడి, "ఆయన బిగించాడా?" అన్నారు.

"ఇంకా లేదు మేడం. మీ కోసమని మనమే పెట్టేద్దామంటున్నారు కమిటీవాళ్ళు."

"వద్దు. నాకు జబ్బు చేసిందని నియమం మార్చకండి. జాలితో పెట్టిన పలక... నాలుగు రోజులు కూడా ఉండదు సరితా."

అదే చివరి మాట. ఆవిడను చివరిచూపు చూసే వీల్లేకపోయింది. నేను ఈ బాల్కనీలోనే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. మా అమ్మ కోసం కూడా నేను అంతగా ఏడవలేదు.

సంతాపానికి కమిటీ మళ్ళీ ఫోన్లో కలిసింది. ఆవిడ పేరు మీద పలక పెట్టేద్దాం, షెడ్డు యజమాని కూడా కాదనలేడు అన్నారందరూ. నేనొక్కదాన్నే వద్దన్నాను. "షెడ్డు పోతే ఆవిడ సంతోషిస్తుందా?" అని ఒకాయన గట్టిగానే తిట్టాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దీపావళికి జయంతిభాయి ఒప్పుకోకపోతే నా మొండితనానికి ఒక వీధంతా మునుగుతుంది. మర్నాడు భేస్తాన్ వెళ్ళి నర్సవ్వకు ఉన్నదున్నట్టు చెప్పాను. నువ్వెవరివి వద్దనడానికి అంటుందనుకున్నాను. అనే హక్కు ఆమెకుంది.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మేడం చెప్పినట్లే కానియ్యి బిడ్డా. సచ్చినామె పేరు జెప్పి తెచ్చుకుంటె, రేపు ఆ సేఠ్ మొఖం ఎట్ల జూస్త? గోడ పక్కన బతకాల్సింది నేను గద."

వానలు మొదలయ్యాయి. ఆడవాళ్ళు తెల్లారగానే నెత్తిన గోనెసంచులు కప్పుకుని తూము దగ్గరికి వెళ్ళి చిందీ లాగేవాళ్ళు. ఆ ఏడు నీళ్ళు వాళ్ళ ఇళ్ళలోకి రాలేదు. ఏటా మునిగే సొసైటీ పార్కింగ్‌లోకీ రాలేదు. జయంతిభాయి నుంచి మెప్పు రాలేదు సరికదా, ఒకసారి నాకు ఫోనొచ్చింది, షెడ్డు మీది టార్పాలిన్ గాలికి టపటపలాడి నిద్ర పట్టడం లేదని. నర్సవ్వ గొణుక్కుంటూనే దాన్ని తాళ్ళతో బిగించి కట్టింది.

దీపావళి దగ్గరికొచ్చేసింది. షెడ్డుకు తాళం వేయడానికి వస్తున్నానని యజమాని కబురు పెట్టిన రోజే జయంతిభాయి నాకు ఫోన్ చేశాడు. "ఆ పలక తీసుకురా, బెన్" అన్నాడు, అంతే. నేను ఆఫీసులో చెప్పీ చెప్పకుండానే పరుగెత్తాను. ఆయన తన సొంత స్క్రూడ్రైవర్ చొక్కా జేబులో పెట్టుకుని వచ్చాడు. కొత్త తలుపు పక్కన పలక ఆనించి, తీరిగ్గా, ఒక్కొక్క స్క్రూ బిగించాడు. మూడు మూలలా బిగించి ఆగాడు. నాలుగోది జేబులో వేసుకున్నాడు.

"అదీ?" అన్నాను.

"వచ్చే ఏడు చూసి" అన్నాడు.

నర్సవ్వ పకపకా నవ్వింది. "ఒక్క స్క్రూకు గింత పిసినారితనమా సేఠ్?" మాట అర్థం కాకపోయినా ఆయనా మాస్కు వెనక నవ్వాడు. అప్పటికే వచ్చి నిలబడ్డ షెడ్డు యజమాని పలకను పట్టుకుని ఊపి చూశాడు. కదల్లేదు. తెచ్చిన తాళం మళ్ళీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. నాకు అక్కడే సత్యవతి గారి మీద బెంగ ముంచుకొచ్చింది. నాలుగూ బిగించి ఉంటే ఆవిడ అనుమానపడేవారు. మూడు చూస్తే పండగ చేసుకునేవారు.

ఇప్పుడు కమిటీ పని నా మీదే ఉంది. ప్రశంసాపత్రాలు ఇస్తామనే దాతలు ఇప్పటికీ వస్తూనే ఉంటారు. వాళ్ళకు టీ ఇచ్చి పంపేసి, నేను వెనక సందుల్లోకి వెళ్ళి తలుపులు తడతాను. కొందరు మొహం మీదే తలుపు వేస్తారు. ఆవిడ నేర్పిన మొండితనం ఉంది కనుక మర్నాడు మళ్ళీ తడతాను.

భేస్తాన్ పలక ఇప్పటికీ మూడు స్క్రూల మీదే ఉంది. ఏటా దీపావళికి ముందు జయంతిభాయి వచ్చి దాన్ని ఊపి చూసి, లోపలంతా తిరిగి, ఏదో ఒక లోపం చెప్పి వెళ్తాడు. నర్సవ్వ వాళ్ళు తిట్టుకుంటూనే సరిచేస్తారు. ఆ నాలుగోది అడిగి బిగింపించమని కమిటీలో కొత్తగా చేరినవాళ్ళు నన్ను పోరుతుంటారు. నేను అడగను. అది బిగించిన మర్నాటి నుంచి ఆయన చూడ్డానికి రావడం మానేస్తాడు.