కల్లంలో కూత

మా వీధి డ్రిల్లు మాస్టారు సోమవారం పొద్దున పోయారు. కబురు తెచ్చింది మా మనవరాలు, బూట్లు చేత్తో పట్టుకుని. ఆడపిల్లల కబడ్డీ జట్టులో కూతకు వెళ్ళేది అదే. "నాయనమ్మా, ఇవాళ ప్రాక్టీసు లేదు. మాస్టారికి ఊపిరి అందలేదంట" అంది. ఏది ముందు చెప్పాలో పద్నాలుగేళ్ళకు తెలియదు.

నేను బళ్ళో తెలుగు చెప్పినదాన్ని గనక, మైదానంలో విన్న ప్రతి మాటకూ పుట్టుక కావాలంటూ ఆయన మా అరుగెక్కేవారు.

"కూత ఎక్కడిది టీచరమ్మ గారూ?"

"కూయడంలోంచి. కోడి కూస్తుంది, మీరూ కూస్తారు. కోడి తెల్లారాక ఆపుతుంది."

తొండి ఆట అన్నది తొండ నుంచి వచ్చిందని ఆయన వాదన. రంగు మారుస్తుంది కదా అని. ఆటలో అరటిపండు? లెక్కలోకి రాని పసివాడి చేతిలో పండు పెట్టి పక్కన కూర్చోబెట్టేవారట.

"ఆధారం?"

"మా అమ్మ చెప్పిందండీ."

ఇక నా నిఘంటువులెందుకు! అన్నీ నోటుబుక్కులో రాసుకుని, వెళ్తూ వెళ్తూ మా చెట్టు జామకాయ ఒకటి కోసుకుపోయేవారు.

ఆయనకో మొండి నమ్మకం. ఎండిన మిరపకాయలు టిక్కీ బస్తాలకెత్తి మిర్చి యార్డుకు పంపేశాక, ఖాళీ కల్లంలోనే పిల్లల చేత ఆడించేవారు. "ఈ ఘాటులో కూత నిలిపిన పిల్ల ఎక్కడా ఓడదండీ" అనేవారు. ఓడలేదు కూడా, పొదిలి పోటీలకు వెళ్ళి గెలుచుకొచ్చారు. ఏటా ఆ ఎర్ర దుమ్ములో నిలబడి ఈల ఊదారు. మొదట దగ్గు వచ్చింది. తర్వాత ఈల కురచయింది. మొన్న చలికాలానికి మా అరుగు మూడు మెట్లకు రెండుసార్లు ఆగారు.

ఆ రోజే నోటుబుక్కులోంచి గుంటూరు డాక్టరు కాగితం తీశారు. "ఫైబ్రోసిస్. ఇదెక్కడి మాటండీ?"

"నార అని అర్థం మాస్టారూ. ఊపిరితిత్తులు నారకట్టాయని."

"గోగునారేనా?" అని నవ్వబోయి దగ్గారు. కింద ఇంకో వాక్యం ఉంది: దుమ్ము దగ్గరికి పోకూడదు. "పోటీలయ్యేదాకా పిల్లలకు చెప్పకండి. భయపడితే కూత తెగుతుంది" అన్నారు.

నోరు మూసుకోవడం నాకు అలవాటు లేని పని. ఆ ఒక్కసారే చేశాను.

ఆయన్ను సమాధి చేసి వచ్చిన సాయంత్రమే జట్టంతా మా అరుగు మీద తేల్చేసింది: పోటీలు వచ్చే వారం, మాస్టారి పేరు నిలబెట్టాలి, అదే కల్లంలో ఆడాలి. అప్పుడు కాగితం సంగతి మొత్తం చెప్పాను.

"ఆయనంటే పెద్దాయన మామ్మగారూ, మాకేమవుద్ది?" అంది కెప్టెన్ పిల్ల.

మా మనవరాలు మాత్రం నన్నే చూసింది. "నీకు అప్పుడే తెలుసా? తెలిసీ రోజూ నన్ను పంపావా?"

నా జవాబుకు ఆగకుండా అది లేచి వెళ్ళిపోయింది.

ఈ ఉదయం డాబా మీద నుంచి చూశాను. కల్లం మీద మోకాళ్ళెత్తున దుమ్ము ఎర్రగా లేస్తోంది. మా పిల్ల గీత దాటి లోపలికి వంగింది, నోరు బార్లా తెరుచుకుని.