దీపం పెట్టని సందెవేళలు

మొన్న విజయనగరంలో డాక్టరు గారి దగ్గరికి మా మనవణ్ణి తీసుకువెళ్ళి వచ్చినప్పటి నుంచి నాకు మనసు నిలకడగా లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో తెలియదు. వాడు హాస్టల్లో పరీక్షలకి మేలుకుని చదవడానికని ఎవరో ఇచ్చిన బిళ్ళలు మింగడం మొదలుపెట్టి, పరీక్షలు అయిపోయినా మానలేకపోయాడు. ఏదో గట్టి మందు రాస్తారని నేను చూస్తూ ఉంటే, ఆ డాక్టరమ్మ అన్నిటికన్నా ముందు వాడి నిద్ర సంగతి అడిగింది. ఎన్నింటికి పడుకుంటావు, ఎన్నింటికి లేస్తావు, మధ్యాహ్నం దాటాక టీలు ఎన్ని తాగుతావు. నిద్ర ఒక్కటే వైద్యం కాదనీ, అయితే నిద్ర కుదుటపడకపోతే ఆ బిళ్ళల మీద యావ మళ్ళీ మళ్ళీ లేస్తూనే ఉంటుందనీ చెప్పింది. ఈ మాటే చాలా ఏళ్ళ క్రితం, అక్షరం ముక్క రాని మా అమ్మ నోట విన్నాను.

మన ఈడువాళ్ళు కనక మీ దగ్గర దాచడమెందుకు, ఆ బిళ్ళలు నేనూ మింగినవాణ్ణే. పెళ్ళయిన కొత్తలో జూట్ మిల్లులో మగ్గాల మీద పనిచేసేవాణ్ణి. నా అంత మొనగాడు లేడని చూపించుకోవాలన్న పిచ్చిలో, నా డ్యూటీ అయ్యాక రానివాళ్ళ డ్యూటీ కూడా చేసేవాణ్ణి. నిద్ర ఆపుకోవడానికి గేటు బయట లారీవాళ్ళు వేసుకునే బిళ్ళలు దొరికేవి. మొదట్లో ఒళ్ళు దూదిలా తేలిపోయేది, పోగు తెగితే చెయ్యి తనంతట తనే ముడివేసేది. ఏడాది తిరిగేసరికి పళ్ళు కొరుక్కోవడం, అందరిమీదా అనుమానం, అయినదానికీ కానిదానికీ అరుపులు. ఒకనాడు కూరలో ఉప్పు చాలలేదని నేను విసిరిన కంచం, ఉయ్యాలలోని పసివాడి పక్కనుంచి పోయి గోడకి తగిలింది. మా ఆవిడ ఏడవలేదు, పిల్లాణ్ణి చంకనేసుకుని కోటబొమ్మాళిలోని పుట్టింటికి బయల్దేరింది. గుమ్మం దిగుతూ ఒక్క మాట అంది.

“ఆ బిళ్ళలు మానీసినాక కబురెట్టు, వస్తాను. మాననేవా, నన్ను పిలవకు.”

ఆ కంచం చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. సెలవు పెట్టి శృంగవరపుకోట దగ్గర మా ఊరికి, అమ్మ దగ్గరికి పోయాను. బిళ్ళలు ఆపాక మొదటి వారం మొద్దులా పడి ఉన్నాను. ఆ తరవాత నిద్ర ఎటో పోయింది. పొద్దస్తమానం కాలు ఒకచోట నిలిచేది కాదు, కళ్ళం చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరగదీశాను. సరిగ్గా పొద్దు వాలేవేళకి మాత్రం కళ్ళు వాటంతటవే మూతలు పడేవి. అప్పుడే అమ్మ వచ్చి తట్టి లేపేది. దీపం పెట్టే వేళ మనిషి పడుకుని ఉంటే లక్ష్మి గుమ్మంలోంచే తిరిగిపోతుందని మనందరి ఇళ్ళల్లోనూ ఉన్న మాటే కదా. అలా లేచానంటే ఆ రాత్రి ఇక నిద్ర పట్టేది కాదు, తెల్లారగానే కాళ్ళు శృంగవరపుకోట బస్టాండు వైపు లాక్కుపోయేవి. అక్కడ ఒక లారీ క్లీనరు దగ్గర బిళ్ళలు ఉండేవి. రెండుసార్లు అలా మళ్ళీ మింగాను.

రెండోసారి అమ్మ పట్టేసింది. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, చివరికి పంతానికి దిగింది. మా అమ్మది అడ్డచుట్ట, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే రకం. నడుం వాల్చేముందు అది కాలిస్తే గాని ఆవిడకి నిద్ర రాదు.

“సూడు, రేపట్నుంచి నాను సుట్ట మానీస్తన్నాను. ఆడకూతుర్ని నానే మానగల్గితే, నీకేటిరా కష్టం?” అంది.

మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు గేదె మీద అరిచింది, పక్కింటావిడతో తగువు పెట్టుకుంది, రాగుల చోడంబలి మాడ్చింది. ఆ రెండు రాత్రులూ నా మంచం కిర్రుమంటే అరుగు మీద ఆవిడ చాప చప్పుడు అయ్యేది, ఇద్దరం ఒకరి మెలకువ ఒకరం విన్నాం. మూడోనాడు పొద్దున్నే, ఎర్రబడ్డ కళ్ళతో నా ఎదుటే చుట్ట వెలిగించింది. నవ్వబోయి ఆవిడ ముఖం చూసి మానేశాను.

“ఓడిపోనాన్రా. నిద్దర నేని పొద్దున్నే మనసు దాని మీదికే పోతాది. నీ నిద్దర సెడగొట్టింది నానే,” అంది.

ఆ సాయంత్రం నన్ను లేపలేదు. ఇంట్లో పెట్టవలసిన దీపం తీసుకుపోయి పశువులశాలలో పెట్టి, లక్ష్మి ఆ పూటకి గేదెల దగ్గర ఉంటుందిలే అంది. మా ఇంటి గుమ్మంలో సందెవేళ దీపం లేకపోవడం నాకు తెలిసి అదే మొదలు. తెల్లవారుజామున పాలు పితికే వేళకి మాత్రం, నిద్ర పట్టినా పట్టకపోయినా, చెంబు చేతికిచ్చి నిలబెట్టేది. మధ్యాహ్నం టీ మాన్పించింది. నా నిద్ర కొద్దికొద్దిగా ఆలస్యమై, సందెవేళ నుంచి రాత్రి భోజనాల తరవాతకి వచ్చింది. కోరిక చచ్చిపోయిందని చెప్పను గాని, తెరిపిగా లేచిన పొద్దుట దానికి ‘పో’ అని చెప్పగలిగే ఓపిక ఉండేది.

నెల దాటినా కబురు పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు, నామీద నాకే నమ్మకం లేదు. నాకు చెప్పకుండా అమ్మే పెట్టించింది. మా ఆవిడ రైలు దిగి, బస్సు పట్టుకుని, పిల్లాడితో వచ్చేసరికి పొద్దు గూకింది. ఆవేళ కోతకి వెళ్ళి వచ్చి నేను ముందే ఒరిగిపోయాను, కాబట్టి ఇది ఆవిడ చెప్పగా విన్నదే. ఊరంతా దీపాలు, మా ఇల్లొక్కటే చీకటి. ఎవరో పోయారనుకుని, నాకే ఏదో అయిందనుకుని, ఆవిడ పరుగున వాకిట్లోకి వచ్చిందట. వాకిట్లో కూర్చున్న అమ్మ పెదవుల మీద వేలు పెట్టుకుంది.

“మెల్లగా రాయే. ఆడు తొంగున్నాడు.”

మా ఆవిడ అలికిడి చెయ్యకుండా ఆ చీకట్లోనే అత్త పక్కన కూర్చుందట. నేను పాలు పితికే వేళకి లేచేసరికి పిల్లాడు నా పక్కలో ఉన్నాడు.

ఇప్పుడు మనవడు మా దగ్గరే ఉన్నాడు, సాయంత్రం కాగానే మా ఆవిడే హాల్లో లైట్లన్నీ ఆర్పేస్తోంది. పైవాటా వాళ్ళు తొంగిచూసి కరెంటు పోయిందేటి అని అడుగుతున్నారు. అయినా ఎదుటి దుకాణం వెలుగు కిటికీలోంచి వస్తుంది, వీధి దీపం తలుపు సందులోంచి వస్తుంది, వాడి దుప్పటి కింద ఫోను వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. అమ్మకి ఆనాడు గుమ్మంలోంచి తియ్యవలసిన దీపం ఒక్కటే. నేను వాకిట్లో కుర్చీ వేసుకుని, కాలు ఆడిస్తూ, లోపల మంచం కిర్రుమనడం ఎప్పుడు ఆగుతుందా అని వింటూ కూర్చుంటున్నాను. ఇలా బయట కూర్చుని వినడం అమ్మకి ఎంత కష్టమయిందో నాకు ఇన్నాళ్ళకి తెలిసింది.