డాబా మీద నేను, కింద ఫుట్‌బాల్

మా నర్సీపట్నంలో ఆ రోజుల్లో టీవీ కొనడం వేరు, టీవీ చూడడం వేరు. రెండింటికీ పెద్ద సంబంధం ఉండేది కాదు. విశాఖపట్నంలో బయల్దేరిన బొమ్మ అనకాపల్లి దాకా హాయిగానే వచ్చేది. ఆ తరవాత కొండల్ని చూసి బెదిరిపోయేదో ఏమో, మా ఊరు చేరేసరికి ఉత్త చుక్కలు మిగిలేవి. అయినా కొనేవాళ్ళు కొన్నారు. సాయంత్రం కాగానే దాని మీద కప్పిన అల్లికల గుడ్డ తీసి, ఇంటిల్లిపాదీ ఎదురుగా కూర్చుని, ఆ చుక్కల వెనకాల ఎవరో వార్తలు చదువుతున్నారని ఒకరికొకరు ధైర్యం చెప్పుకునేవారు. మీసాలున్నాయి కాబట్టి మగమనిషే అని తాతగారు అంటే, అవి మీసాలు కావు, చుక్కలేనని కోడలు సరిదిద్దేది. అంత ఓపిక మనుషులకి ఎక్కణ్ణించి వచ్చేదో ఇప్పుడు ఆలోచిస్తే నాకే ఆశ్చర్యంగా ఉంటుంది.

అలాంటి ఊళ్ళో మా బావకి, అంటే మా అక్క మొగుడికి, రేడియోలూ టీవీలూ బాగుచేసే కొట్టు ఉండేది. నేను డిగ్రీ తప్పి, పోస్టులో పాఠాలు తెప్పించుకుని రేడియో మెకానిజం నేర్చుకుని, ఆ కొట్లోనే పనికి కుదురుకున్నాను. (పోస్టులో నేర్చుకున్న విద్య కాబట్టి నాకు సిద్ధాంతం బాగా వచ్చు. సోల్డరింగ్ ఐరన్ ఏ కొసన పట్టుకోవాలో మాత్రం చెయ్యి కాలాక తెలిసింది.) బావకి చదువు తక్కువ, ధైర్యం ఎక్కువ. అప్పటికే కొట్లో ఒక వీడియో పెట్టి, అక్కణ్ణించి వీధి పొడవునా ఇళ్ళకి వైరు లాగి సినిమాలు వేస్తుండేవాడు. ఆ వైరు జామచెట్ల మీంచీ, పిట్టగోడల మీంచీ, ప్లీడరుగారింట్లో బట్టలారేసుకునే దండెం మీంచీ సాగిపోయేది. ఉతికిన దుప్పటి వేసిన రోజున ఆ పక్క ఇళ్ళన్నిటికీ హీరో వంగి కనబడేవాడు.

ఒక సాయంత్రం కాన్వెంటులో ఇంగ్లీషు చెప్పే మలయాళీ మిస్సుగారు మా కొట్టుకి వచ్చారు. కేరళ నుంచి ఉద్యోగం కోసం ఇంత దూరం వచ్చి, ఒక గది అద్దెకి తీసుకుని ఒంటరిగా ఉండేవారు. తెలుగు ధైర్యంగానే మాట్లాడేవారు గానీ, ఆడా మగా తేడా లేకుండా అందరినీ 'వచ్చింది, వెళ్ళింది' అనేసేవారు. ఆవిడ తమ్ముడు ఫుట్‌బాల్ ఆడతాడనీ, ఆ ఏడు పెద్ద టీములోకి తీసుకున్నారనీ, ఆదివారం మధ్యాహ్నం కలకత్తాలో జరిగే ఫైనలు టీవీలో చూపిస్తారనీ చెప్పారు. సెలవు దొరక్క ఇంటికి వెళ్ళి చాలా కాలమైందట. "మా తమ్ముడు ఆడుతుంది సార్. ఒక్కసారి చూడాలి. ఇక్కడ వస్తుందా?" అని అడిగి, రాదనే జవాబుకి ముందే సిద్ధపడినట్టు గొడుగు తీసుకుని లేవబోయారు.

మా బావ జీవితంలో రాదనే మాట అన్నవాడు కాదు. "మేం సూపిస్తాం మేడమ్" అనేశాడు. ఆవిడ వెళ్ళాక నావైపు తిరిగి, ఎలా సూపిస్తామురా అని అడిగాడు.

నా దగ్గర జవాబుంది. పాఠాల్లో చదివాను: ఆకాశంలో మన ఉపగ్రహం ఒకటుంది, అది కార్యక్రమాల్ని నేరుగా కిందికి పంపిస్తుంది, పెద్ద గిన్నెలాంటి డిష్షు కడితే కొండలతో పని లేదు. చదివినప్పట్నుంచీ అది కట్టాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. బావ మర్నాడే బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళి, తెలిసినవాళ్ళ దగ్గర ఆ సిగ్నలుని పట్టే డబ్బాలు అరువు తెచ్చాడు. డిష్షు మేమే చెయ్యాలి. బళ్ళు బాగుచేసే వెల్డరు ఇనప ఊచలు గొడుగులా వంచి ఇచ్చాడు. దానికి పరవడానికి ఇనప వల కావాలి. అక్క కోళ్ళగూటికని తెప్పించుకున్న వల పెరట్లో కనబడింది. (ఆ వారమంతా కోళ్ళు వంటింట్లో ఉన్నాయి, అక్క మాతో మాట్లాడలేదు.) డిష్షు నడుమ డబ్బాని నిలబెట్టడానికి ఒక కర్ర కావాలంటే ఏటికొప్పాకలో బొమ్మలు చేసే స్నేహితుడికి కబురు పెట్టాడు బావ. ఉత్త కర్ర పంపడానికి ఆయనకి మనసొప్పలేదు కాబోలు, ఎర్రటి పసుప్పచ్చటి లక్క చుట్లు వేసి, కొసన చిన్న మొగ్గ కూడా చెక్కి పంపించాడు. మొత్తానికి మా కొట్టు డాబా మీద వెలిసిన ఆ వస్తువు విజ్ఞానానికి సంబంధించినదో, పెళ్ళిపందిరికి సంబంధించినదో ఎవరికీ అంతుపట్టలేదు. నాతవరం నుంచి సంతకొచ్చిన రైతులైతే అది వాన పట్టేదనుకుని, ఎప్పుడు పడుతుందని నన్నే నిలదీశారు.

ఆదివారం పొద్దున్న దాన్ని ఎటు తిప్పాలన్న దగ్గర గొడవొచ్చింది. ప్రసారం ఢిల్లీదని బావ ఉత్తరానికి తిప్పాడు. కింద టీకొట్టాయన ఆట కలకత్తాలో కదా, తూర్పు పక్కకి తిప్పమన్నాడు. ఉపగ్రహం దక్షిణంగా, కాస్త పడమరకి ఒరిగి, దాదాపు నడినెత్తిన ఉంటుందని నేనంటే, అటు సముద్రం తప్ప ఏటుందని ఇద్దరూ నవ్వారు. వాళ్ళ దిక్కులు రెండూ అయిపోయి, చుక్కలే మిగిలాక, నా దిక్కుకి తిప్పనిచ్చారు. అంగుళం అంగుళం జరుపుతుంటే కిందనుంచి బావ గొంతు వినబడింది. "ఒరే, ఆగు. బొమ్మొచ్చినాది."

పరిగెత్తుకుని దిగాను. ఒక పెద్దాయన వరిపైరు మధ్య నిలబడి ఎరువుల గురించి హిందీలో చెబుతున్నాడు. చుక్క లేదు, మచ్చ లేదు, చొక్కా గుండీలు కూడా కనబడుతున్నాయి. ఎరువుల మీద నాకంత ప్రేమ అంతకు ముందూ లేదు, ఆ తరవాతా లేదు. బావ నన్ను కావలించుకున్నాడు.

మధ్యాహ్నానికి కొట్టు ముందు జనం నిండిపోయారు. టీవీని టేబులు మీద వీధివైపు పెట్టాం. ముందు వరసలో కుర్చీ వేసి మిస్సుగారిని కూర్చోబెట్టాం. ఆవిడ కొత్త చీర కట్టుకొచ్చారు, తమ్ముడు కూడా తనని చూస్తాడన్నట్టు. చింతపల్లి బస్సు ఆగింది, డ్రైవరు దిగాడు, అతని వెనకాల బస్సంతా దిగింది. ఆటగాళ్ళు మైదానంలోకి వస్తున్నారు. నేను కుర్చీ పక్కన చోటు చేసుకుని కూర్చోబోతున్నానో లేదో, బొమ్మ వణికి మాయమైంది.

డాబా మీదికి ఉరికితే తెలిసింది, డిష్షు కింద పేర్చిన ఇటుకలు కుంగి అది వాలిపోయింది. మళ్ళీ పేర్చడానికి టైము లేదు. కిందికి దూరి భుజంతో ఎత్తాను. "వచ్చినాది, అలాగే ఉండు" అని బావ కేక వేశాడు. ఎంతసేపు అని అడిగాను. ఆట అయిందాకా అన్నాడు.

అలా, ఊరు ఊరంతా ఫుట్‌బాల్ చూస్తుంటే, దాన్ని ఆకాశంలోంచి దింపిన నేను కోళ్ళ వల కింద నడుం వంచుకుని ఉండిపోయాను. నాకు కనబడేది పిట్టగోడా, దాని మీద ఒక కాకీ. జాలిపడి బావ నాకు ఆట చెప్పడం మొదలెట్టాడు గానీ, అతనికి ఫుట్‌బాల్ గురించి తెలిసింది అంతంతమాత్రం. తెల్ల చొక్కాలోళ్ళు ఇటు పరిగెడతన్నారు, నల్ల చొక్కాలోళ్ళు అటు పరిగెడతన్నారు, ఇప్పుడు అందరూ ఇటే పరిగెడతన్నారు, ఇదీ వరస. మిస్సుగారి తమ్ముడేం చేస్తున్నాడంటే, ఆడటం లేదు, పక్కన బల్ల మీద కూర్చున్నాడు, ఎవరికైనా దెబ్బ తగిలితే పిలుస్తారట అన్నాడు.

సగం ఆటయింది. భుజం మొద్దుబారింది. తమ్ముడు ఇంకా బల్ల మీదే ఉన్నాడు. విచిత్రం ఏమిటంటే, జనానికి ఇప్పుడు బంతితో పని లేకుండా పోయింది. కెమెరా ఆ బల్ల వైపు తిరిగినప్పుడల్లా 'అడుగో అడుగో' అని గోల. లోపలికి పంపించండయ్యా అని బస్సు డ్రైవరు కలకత్తా వాళ్ళకి చెబుతున్నాడు. ప్లీడరుగారి భార్య వైరు మీదుగా తమ ఇంట్లో చూస్తూ, అబ్బాయిని దింపారా అని గోడ మీంచి కనుక్కుంటున్నారు. పైన నేను కూడా, ఎన్నడూ చూడని ఆ కుర్రాడి కోసం దేవుళ్ళందరికీ మొక్కేస్తున్నాను.

ఆట చివరికొచ్చిందని బావ గొంతులోనే తెలిసిపోతోంది. అప్పుడు వీధి ఒక్కసారిగా దద్దరిల్లింది. "దిగినాడురా, తమ్ముడు దిగినాడు."

నేనేం చేశానో నాకే తెలీదు. చేతులు రెండూ పైకెత్తి గెంతాను. డిష్షు ధడాలుమని వాలిపోయింది. కాకి ఎగిరిపోయింది. కింద ఊరంతా కలిసి నన్ను తిట్టిన తిట్లు. వాటన్నిటి కిందా, గట్టిగా కాదు, ప్రాధేయపడుతున్నట్టు ఒక గొంతు, "సార్, సార్" అంటోంది. ఆ గొంతే నన్ను కదిలించింది. దూరాను, ఎత్తాను, రాలేదు. ఎడమకి, రాలేదు. కింద నుంచి మెట్ల మీదికి, మెట్ల మీంచి నాకు మాట అందిస్తున్నారు జనం: ఇంకొంచెం, ఇంకొంచెం, పోనాది, ఎనక్కి రా. భుజం చాలక తల కూడా ఆనించి, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి జరిపాను.

కేక వినబడింది. ఆ కేక ఆగలేదు. అతని కాలికి బంతి అందింది, పరిగెడుతున్నాడు, ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి దాటాడు, అంతా ఒకేసారి అరుస్తున్నారు. బావ చెప్పడం మానేసి తనూ అరుస్తున్నాడు. ఈలలు, చప్పట్లు, బస్సు హారను. నేను వల కింద ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలీకుండా అలాగే పట్టుకుని ఉన్నాను. గెలిచాం అనుకున్నాను.

జనం పల్చబడ్డాక మిస్సుగారు డాబా ఎక్కి వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం వెలిగిపోతోంది. మీరు చూడలేదు కదా అని, పిట్టగోడ మీద వేలితో మైదానం గీసి, తమ్ముడు ఎక్కణ్ణించి ఎక్కడికి పరిగెత్తాడో, ఎలా కొట్టాడో మొత్తం చూపించారు. వాడు చిక్కిపోయాడనీ, జుట్టు కత్తిరించుకోలేదనీ కూడా చెప్పారు. నేను బుద్ధిగా తలాడించి, ఆఖరికి ఎంత తేడాతో గెలిచారండీ అని అడిగాను.

"ఓడిపోయింది సార్" అన్నారావిడ నవ్వుతూ. "తమ్ముడు కొట్టిన బాల్ కూడా బయటికి వెళ్ళింది. అయినా చాలా బాగా వెళ్ళింది."

ఇప్పుడు మా ఇంట్లో ఏ దేశపు ఆటైనా, గడ్డి పరకలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా వస్తుంది. సోఫాలో దిండుకి ఆనుకుని మొదలెడతాను, సగం కాకుండానే గురక పెడతానట. మా ఆవిడ టీవీ కట్టేయబోతే ఉలిక్కిపడి లేచి, చూస్తున్నానని బుకాయిస్తాను. అలాంటప్పుడు ఒక్కోసారి, నెత్తిన కోళ్ళ వల పెట్టుకుని, ఓడిన ఆటకి సంబరపడుతూ నిలబడ్డ ఆ బక్కపలచని కుర్రాడు గుర్తొస్తాడు. వాణ్ణి చూస్తే నాకు నవ్వొస్తుంది. వాడు చూస్తే, నన్నసలు పోల్చుకోగలడా అని కొంచెం అనుమానం కూడా వస్తుంది.