అమ్మ పరీక్షకు తాత చెప్పిన పాఠం

మొన్న జనవరిలో బెంగుళూరులో మా వీధి చివర తోపుడు బండి మీద అనపకాయలు కుప్పపోసి అమ్ముతుంటే, ఆ తొక్కకు ఉండే జిడ్డు వాసన, మంచుకు తడిసిన ఆకు వాసన కలిసి ముక్కుకు తగిలి నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. కోలారు జిల్లా వాళ్ళెవరికైనా ఆ వాసనకు పితికిన పప్పు పులుసూ, వేడి రాగి సంగటీ గుర్తొస్తాయి. నాకు మాత్రం వాటితోపాటు యూరప్ చర్చీలు గుర్తొస్తాయి. ఎందుకో చెప్పాలంటే మా అమ్మ రాసిన పరీక్ష సంగతి చెప్పాలి.

అప్పుడు నాకు పదేళ్ళు. బంగారు గనులు మూతపడ్డాక కేజీఎఫ్‌లో మగవాళ్ళందరిలాగే మా నాన్న కూడా తెల్లారేలోపు మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరు పనికి పోయేవాడు. గనివాళ్ళకు వరసగా కట్టిన రేకుల కప్పు లైను ఇంట్లో అమ్మ, నేను, నాన్న వాళ్ళ నాన్న అయిన మా తాత మిగిలేవాళ్ళం. అమ్మ పక్క వీధి బడిలో చిన్న పిల్లలకు పాఠాలు చెప్పేది. డిగ్రీ ఉన్నవాళ్ళనే ఉంచుకుంటామని, వచ్చే జూన్ వరకు చూస్తామని బడివాళ్ళు చెప్పేశారు. ఇంటి దగ్గరే చదువుకుంటూ అమ్మ బీఏలో అన్నీ గట్టెక్కింది, ఒక్క పేపరు తప్ప. పాశ్చాత్య సాహిత్యం, చిత్రకళ, సంగీతం, భవన నిర్మాణం, అన్నీ కలిపిన పేపరది. అది ఒకసారి పోయింది కూడా.

"అంతా బైహార్ట్ చేసినానే. అర్థమే కాలేదు, యాడ నిలబడతాది?" అనేది నాతో.

పుస్తకం ఇంగ్లీషుది, అదీ జిరాక్సు ప్రతి. అందులో బొమ్మలన్నీ మసి పూసినట్టుండేవి. గొప్ప చిత్రకారుల రంగులని రాసినచోట నల్లటి మచ్చ, పాలరాతి శిల్పమన్నచోట తెల్లటి మచ్చ. అమ్మ చేతులు పనిలో ఉంటే నేను గట్టిగా చదవాలి. సానెట్‌కు పద్నాలుగు పాదాలని, గ్రీకు స్తంభాలు మూడు రకాలని నేను చదువుతుంటే, అమ్మ అంట్లు తోముతూ ఒక్కోమాటా తిరిగి అనేది. ఆదివారం సాయంత్రాలు మేమిద్దరం స్తంభాల వేటకు పోయేవాళ్ళం. తెల్లదొరలు ఒకప్పుడు ఉన్న పాత బంగళాల ముందు నిలబడి, ఇది తల బోడిగా ఉండాది కాబట్టి డోరిక్, ఇది పొట్టేలు కొమ్ముల్లా చుట్టుకుంది కాబట్టి అయానిక్ అని తేల్చుకునేవాళ్ళం. ఆకుల చెక్కడం ఉండే మూడోరకం మాత్రం ఎన్ని వారాలు తిరిగినా దొరకలేదు. చివరికి రాబర్ట్‌సన్‌పేట బజారులో ఒక నగల వ్యాపారి కొత్తగా కట్టుకున్న ఇంటి ముందు, పచ్చరంగు ఆకులకు బంగారు అంచులు పూసుకుని అది కనబడింది. "ఇదో! కొరింథియన్!" అని అమ్మ చెయ్యెత్తి అరిచిన అరుపుకు ఆ ఇంటావిడ బయటికొచ్చి, మేం ఎవరినో పిలుస్తున్నామనుకుని వీధి అటూ ఇటూ చూసింది.

మా తాత గనిలో టింబర్‌మన్. భూమిలోపల తవ్విన దారుల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. చదువు రాదు. ఏ ఇంటికి పోయినా కూర్చునే ముందు గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచేవాడు. గనిలోపల ఎట్లా ఉంటుందని నేనెన్నిసార్లు అడిగినా, "చీకటిగా ఉంటాది" అని ఊరుకునేవాడు. అమ్మ చదువంటే ఆయనకు కోపం లేదు గానీ, ఆ పేపరే నచ్చేది కాదు. "ఆ దేశం గుళ్ళతో మనకేం పనమ్మా? కురుడుమలె వినాయకుని గుడిని గురించి అడగరా వాళ్ళు?" అనేవాడు.

అనపకాయల కాలంలో ఒక మధ్యాహ్నం ముగ్గురం నానబెట్టిన గింజలు పితుకుతున్నాం. వేలితో నొక్కితే పప్పు తుళ్ళి గిన్నెలో పడుతుంది, తొక్క చేతిలో ఉంటుంది. ఒళ్ళో పుస్తకం పెట్టుకుని గాథిక్ చర్చీల పాఠం చదువుతున్నాను. రాతి కప్పు ఎంతో ఎత్తున ఉంటుందట, గోడల నిండా రంగుటద్దాల కిటికీలట, బయటినుంచి రాతి చేతులు వంగి గోడను తోస్తూ ఉంటాయట.

అమ్మ విసుగ్గా గింజలు వదిలేసింది. "ఇదే నాకు పట్టుబడనిది. కప్పు బరువు కిందికి కదా దిగేది? బయటినుంచి గోడను తోసేదెందుకు?"

తాత తలెత్తాడు. "ఏదీ, ఆ బొమ్మ చూపించు."

మసిబారిన ఆ బొమ్మను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, నన్నూ అమ్మనూ ఎదురెదురుగా నిలబెట్టి, అరచేతులు కలిపి ఒకరిమీదొకరు వాలమన్నాడు. "ఇంగా వాలండి. భయపడొద్దు." గింజల నీళ్ళతో తడిసిన గచ్చు మీద మా పాదాలు వెనక్కి జారడం మొదలుపెట్టాయి. ఆయన తన పాదాన్ని నా మడమ వెనక ఆనించాడు. నా జారుడు ఆగిపోయింది.

"చూసినావా అమ్మా? బరువు ఉత్తగా కిందికే పోదు. పక్కకీ తోసుకుంటాది. నా కాలే ఆ రాతి చెయ్యి. బయట అది ఉండాది కాబట్టే గోడలో అన్ని కిటికీలు పెట్టగలిగినారు."

అమ్మ ముఖం వెలిగిపోయింది. "ఇంత సులువా మామా!"

తాత మాత్రం నవ్వలేదు. కూర్చుని మళ్ళీ గింజలు అందుకున్నాడు. "మేము పైనుంచి దిగే బరువుకే దుంగలు పెట్టినాము. ఒక పొద్దు బండ ఒత్తిడికి ఆగలేక పక్కనుంచి పేలింది. మునెప్ప ఆ పక్కనే ఉండినాడు." ఒక గింజ పితికి, "నాతోనే పనిలో చేరినాడు వాడు. పక్కకి కూడా ఊతం పెట్టింటే..." అని, ఆ మాట పూర్తి చెయ్యకుండానే తర్వాతి గింజ నొక్కాడు.

నాకు తెలిసి గని గురించి ఆయన అంత మాట్లాడింది అదే మొదటిసారి. అమ్మ పుస్తకం అంచున పెన్సిలుతో ఏదో రాసుకుంది.

ఆ వారమే తాత తనంతట తానే, మన ఊళ్ళో దొరలు కట్టిన చర్చి చూడాలన్నాడు. అక్కడ ఆర్గన్ వాయించే డోరతీ ఆంటీ అమ్మకు బడి వల్ల పరిచయం. సంగీతం భాగం కూడా అమ్మకు కొరుకుడు పడలేదు. ఫ్యూగ్ అనే సంగీత రకం ఎట్లా ఉంటుందో వాయించి చూపమని ఆంటీని అడిగింది.

"పెద్దాయన్ని కూడా పిల్చుకోని రా సరోజా, కమ్, కమ్," అని అమ్మను పిలుస్తూ ఆంటీ తలుపు తీసింది. కాళ్ళతో తొక్కుతూ గాలి నింపే పాత ఆర్గన్ అది. ముందు ఒక చేత్తో చిన్న వరస వాయించింది. అది సాగుతుండగానే రెండో చేత్తో అదే వరస కింది స్థాయిలో అందుకుంది. రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పోయాయి. అమ్మ కళ్ళు మూసుకుని విని, "మన గని సైరన్ల మాదిరే ఉండాది ఆంటీ! ఒక షాఫ్టుది కూస్తా ఉండంగానే ఇంగొకటి వేరే గొంతుతో ఎత్తుకునేది కదా!" అంది. ఆంటీ పకపకా నవ్వి, "కరెక్ట్! అదే రాయి పరీక్షలో," అంది.

తాత సంగీతం విన్నాడో లేదో తెలియదు. మొనదేలిన కమానుల కింద తలెత్తి చూస్తూ, ఒక్కో స్తంభాన్నీ అరచేత్తో తడుముతూ చర్చి అంతా తిరిగాడు. వచ్చేటప్పుడు, "బాగా కట్టినారు," అన్నాడు.

మే నెలలో కోలారులో పరీక్ష. తాతా నేనూ బయట చెట్టునీడన మామిడికాయ ముక్కలకు ఉప్పూ కారం అద్దుకుని తింటూ మూడు గంటలు కూర్చున్నాం. అమ్మ చీర కొంగుతో చెమట తుడుచుకుంటూ దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. "మామా, వచ్చింది! రాతి చేతులు ఎందుకని అడిగినారు. నీ పనీ, దుంగలూ, గనీ అన్నీ పెట్టి రాసినాను."

తాత నములుతున్నది ఆపాడు. "మునెప్ప పేరు రాసినావా?"

"రాసినాను మామా."

ఆయన తల ఊపి, ముఖం అటు తిప్పుకున్నాడు. ఫలితాలు బడి తెరిచేలోపే వచ్చాయి. అమ్మ పాసైంది. ఆ బడిలోనే పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ రిటైరైంది.

ఇప్పుడు మా లైను ఇంటి చోట తుమ్మచెట్లు మొలిచాయి. తాత లేడు, డోరతీ ఆంటీ లేదు. ఆర్గన్ పాడైపోతే చర్చిలో కీబోర్డు పెట్టుకున్నారు. గనిలోకి దిగే షాఫ్టుల సైరన్లు ఎట్లా కూసేవో మా పిల్లలకు నోటితో కూసి చూపించబోయి నవ్వులపాలయ్యాను. మునెప్పకు పెళ్ళాం పిల్లలు లేరట. ఆయన పేరు కాగితం మీద ఉన్నది బహుశా గని హాజరు పుస్తకాల్లో, అమ్మ జవాబు పత్రంలో. ఆ రెండూ ఎప్పుడో తూకానికి పోయి ఉంటాయి.

ఈమధ్య అమ్మను అడిగాను, ఆ రోజు తాత మనసు కష్టపెట్టుకోకూడదని అట్లా చెప్పావా, నిజంగానే మునెప్ప పేరు రాశావా అని.

"నిజంగానే రాసినానే," అంది అమ్మ. "ఇంగ్లీషులో ఎట్లా రాసేదో తెలీక రెండుసార్లు కొట్టేసి మళ్ళా రాసినాను."